క్రైస్తవంలో మరణానంతర జీవితం

మరణించిన తరువాత మనిషికి ఏమి జరుగుతుంది అన్న ప్రశ్నకు క్రైస్తవ మతం చెప్పే సమాధానాన్ని క్రైస్తవంలో మరణానంతర జీవితం అనే శీర్షిక క్రింద చర్చిస్తారు. మరణం, తీర్పు, పరలోకం, నరకం అనే నాలుగింటిని పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయంలో "నాలుగు అంత్య విషయాలు" అంటారు. చనిపోగానే మంచివారి ఆత్మ పైకి, చెడ్డవారి ఆత్మ క్రిందికి పోతుందనీ, అంతటితో కథ ముగుస్తుందనీ సామాన్యంగా అనుకుంటారు. కాని క్రైస్తవ విశ్వాస ప్రమాణాలు నొక్కి చెప్పే విషయం ఇది కాదు. సా.శ. 325లో నికయాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభల నుండి వచ్చిన విశ్వాస ప్రమాణంలో నరకం అన్న మాటే లేదు. క్రీస్తు సజీవులకు, మృతులకు తీర్పు తీర్చుటకు మరల వచ్చునని, మృతులు లేపబడుదురని, రాబోవు యుగంలో జీవము ఉండునని మాత్రమే అందులో చెప్పబడినది. అనగా క్రైస్తవంలో ఆశకు కేంద్రం శరీర పునరుత్థానం. ఆత్మ ఎక్కడికి పోతుంది అన్నది దాని తరువాతి ప్రశ్న. సంఘాల మధ్య తీవ్రమైన భేదాలు వచ్చినది ఎక్కువగా ఈ రెండవ ప్రశ్న దగ్గరే.

తెలుగు బైబిల్లోని పదాలు

ఈ విషయం చదివే తెలుగు పాఠకుడికి మొదట అడ్డు వచ్చేవి పదాలు. పరలోకం, పాతాళం, నరకం అనే మాటలు బైబిలు తెలుగులోకి రాకముందే పురాణాల ద్వారా మనకు పరిచయమైనవి. అనువాదకులు వాటినే తీసుకొని వేరే అర్థాలకు వాడారు.

పాత నిబంధన హీబ్రూ మూలంలో మృతుల నివాసానికి "షియోల్" అని పేరు. గ్రీకు అనువాదంలో ఇది "హేడిస్" అయినది. తెలుగు బైబిల్లో ఈ రెండింటికీ చాలాచోట్ల "పాతాళము" అనే మాట కనిపిస్తుంది. అయితే పురాణాల్లోని పాతాళం నాగులు, దానవులు నివసించే లోకం, శిక్షాస్థలం కాదు. విష్ణుపురాణంలో నారదుడు పాతాళాన్ని చూసివచ్చి అది స్వర్గం కంటె రమణీయంగా ఉన్నదని దేవతలకు చెబుతాడు. బైబిల్లోని షియోల్ అందుకు పూర్తిగా భిన్నమైనది: చీకటి, మౌనం, మరపు గల చోటు.

"నరకము" అనే మాట "గెహెన్నా" అనే గ్రీకు పదానికి అనువాదంగా వచ్చినది. హిందూ గ్రంథాల్లోని నరకాలు అనేకం. భాగవతం 28 నరకాలను పేర్కొంటుంది. వాటిలో అనుభవించే శిక్షకు ఒక గడువు ఉన్నది, పాపఫలం తీరగానే జీవుడు మరల జన్మిస్తాడు. స్వర్గమూ అంతే, పుణ్యం ఖర్చయ్యేవరకే. క్రైస్తవంలో మాత్రం పునర్జన్మ లేదు, ఒక్కటే జన్మ, దాని తరువాత తీర్పు. అందువల్ల "నరకం" అన్న ఒకే మాట వినిపించినా, విన్నవారి మనసులో తాత్కాలిక శిక్ష మెదలవచ్చు, చెప్పినవారు నిత్యశిక్షను ఉద్దేశించి ఉండవచ్చు.

స్వర్గం అన్న మాటను అనువాదకులు తీసుకోలేదు, "పరలోకము" అన్నారు. హీబ్రూలోను, గ్రీకులోను ఆకాశానికీ, దేవుని నివాసానికీ ఒకే పదం ఉన్నది. తెలుగులో సందర్భాన్ని బట్టి ఒకచోట ఆకాశమని, మరొకచోట పరలోకమని వ్రాయవలసి వచ్చినది. మత్తయి సువార్తలోని "పరలోకరాజ్యము" అన్న పదబంధం చనిపోయాక చేరే లోకాన్ని గురించినదని చాలామంది భావిస్తారు. నిజానికి ఇతర సువార్తల్లో "దేవుని రాజ్యము" అన్నచోట మత్తయి ఈ మాటను వాడాడు. దేవుని పాలన భూమిమీదికి రావడం దాని అర్థం. "పరదైసు" అన్న మాట అనువాదం కాదు. ప్రాచీన పారశీక భాషలో గోడ కట్టిన తోట అని అర్థమున్న పదం గ్రీకు మీదుగా తెలుగుదాకా వచ్చినది.

షియోల్ నుండి పునరుత్థానం వరకు

పాత నిబంధనలోని ప్రాచీన భాగాల్లో నీతిమంతుడు, దుర్మార్గుడు అనే భేదం లేకుండా అందరూ షియోల్‌కే పోతారు. కుమారుడు చనిపోయాడనుకొన్న యాకోబు దుఃఖంతో తాను కూడా అక్కడికే దిగిపోతానంటాడు (ఆదికాండము 37:35). అక్కడ పని, తెలివి, ఆలోచన ఏమీ ఉండవని ప్రసంగి అంటాడు (9:10). మృతులు దేవుని స్తుతించలేరు కనుక తనను బ్రతికించుమని కీర్తనకారుడు వేడుకొంటాడు. ఆ కాలపు ఇశ్రాయేలీయులకు ఆశ అంటే సంతానం, భూమి, దీర్ఘాయువు.

ఈ భావన మారడానికి హింస ఒక ముఖ్యమైన కారణం. సా.పూ. 2వ శతాబ్దంలో సిరియా రాజు నాలుగవ అంతియొకస్ యూదుల ధర్మశాస్త్రాన్ని నిషేధించాడు. ధర్మశాస్త్రాన్ని పాటించినందుకే భక్తులు చంపబడ్డారు. నీతికి ఈ లోకంలోనే ప్రతిఫలం దక్కుతుందన్న పాత సమాధానం అక్కడ నిలబడలేదు. ఆ కాలానికి చెందినదని పండితులు ఎక్కువమంది భావించే దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో, మంటిలో నిద్రించేవారిలో అనేకులు మేల్కొంటారని, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు లేస్తారని స్పష్టంగా చెప్పబడినది. మక్కబీయుల రెండవ గ్రంథంలో ఏడుగురు అన్నదమ్ములు, వారి తల్లి తాము కోల్పోయే అవయవాలను దేవుడు తిరిగి ఇస్తాడన్న నమ్మకంతో మరణిస్తారు.

యేసు కాలానికి పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మేవారు, సద్దూకయ్యులు నమ్మేవారు కారు. ఈ వివాదంలో యేసు పరిసయ్యుల పక్షాన మాట్లాడాడు. యేసు మృతులలోనుండి లేచాడన్నది తొలి క్రైస్తవుల ప్రకటన. ఆయన ప్రథమఫలమని, మిగిలినవారు ఆయన వెనుక లేస్తారని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో వివరించాడు. సుమారు సా.శ. 55 ప్రాంతంలో వ్రాయబడిన ఈ అధ్యాయం క్రైస్తవుల భూస్థాపన సమయంలో తరచు చదవబడుతుంది. విత్తిన గింజకు, మొలిచిన మొక్కకు ఉన్న సంబంధమే ఇప్పటి శరీరానికి, లేచే శరీరానికి ఉన్నదని పౌలు పోలిక.

ఆత్మ సహజంగానే అమరమైనదన్న భావన గ్రీకు తత్త్వశాస్త్రం నుండి, ముఖ్యంగా ప్లేటో నుండి వచ్చి దీనితో కలిసినది. ఈ రెండూ ఒకటి కావని ఫ్రాన్సుకు చెందిన వేదాంతి ఆస్కార్ కుల్‌మాన్ 1955లో హార్వర్డులో చేసిన ప్రసంగంలో వాదించగా పెద్ద దుమారం రేగినది. సోక్రటీసు ప్రశాంతంగా విషం త్రాగడాన్నీ, గెత్సేమనే తోటలో యేసు పడిన వేదననూ ఆయన పక్కపక్కన పెట్టి చూపాడు. మరణం మిత్రుడు కాదు, శత్రువు అన్నది క్రొత్త నిబంధన దృష్టి అని ఆయన నిర్ణయం.

గెహెన్నా

గెహెన్నా ఒక భౌగోళిక స్థలం. యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయకు అది గ్రీకు రూపం. యూదా రాజులైన ఆహాజు, మనష్షే అక్కడ తమ పిల్లలను అగ్నిలో బలి ఇచ్చారని బైబిలు చెబుతుంది. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రపరచాడు. అది వధ లోయ అని పిలువబడే దినం వస్తుందని యిర్మీయా ప్రవక్త హెచ్చరించాడు. క్రమంగా ఆ లోయ పేరు దేవుని తీర్పుకు సంకేతమైనది.

యేసు కాలంలో అది నగరపు చెత్త నిత్యం తగలబడుతుండే చోటని ప్రసంగాల్లో తరచు వినబడుతుంది. దీనికి ప్రాచీన ఆధారం లేదు. ఈ మాట మొదట కనిపించేది సుమారు 1200 ప్రాంతంలో జీవించిన డేవిడ్ కింహి అనే యూదు వ్యాఖ్యాత రచనలో. పిల్లలను బలి ఇచ్చిన లోయ కావడమే ఆ పేరు భయంకరమవడానికి చాలును.

క్రొత్త నిబంధనలో గెహెన్నా అన్న పదం 12 సార్లు వస్తుంది. వాటిలో 11 సువార్తల్లో యేసు మాటలుగా ఉన్నవి, ఒకటి యాకోబు పత్రికలో ఉన్నది. పౌలు పత్రికల్లో ఈ పదం ఒక్కసారి కూడా లేదు. యేసు ఈ మాటను ఎక్కువగా వాడినది శిష్యులను, మతనాయకులను హెచ్చరించడానికే అన్నది గమనించదగినది. నరకానికి సంబంధించి జనసామాన్యంలో ఉన్న వర్ణనల్లో చాలావరకు బైబిలులోవి కావు. ఇటలీ కవి డాంటే 14వ శతాబ్దపు తొలి దశకాల్లో రచించిన డివైన్ కామెడీలో నరకం తొమ్మిది వలయాలుగా ఉంటుంది. అందులో అట్టడుగున ఉన్నది మంట కాదు, మంచు.

మరణానికి, తీర్పుకు మధ్య

పునరుత్థానం, తుది తీర్పు లోకాంతంలో జరుగుతాయి. మరి ఈ రోజు చనిపోయినవారు అంతవరకు ఎక్కడ ఉంటారు? బైబిలు దీనిని ఒకేచోట వివరించదు. ధనవంతుడు, లాజరు ఉపమానంలో మరణించిన వెంటనే ఒకరు వేదనలోను, ఒకరు అబ్రాహాము రొమ్మున ఆదరణలోను ఉంటారు. సిలువమీది దొంగకు యేసు అదే రోజున పరదైసును వాగ్దానం చేశాడు. మరోచోట మృతులు నిద్రిస్తున్నట్లు చెప్పబడినది. తీర్పు వరకు ఆత్మకు స్పృహ ఉండదన్న అభిప్రాయం వైపు లూథర్ కొన్నిచోట్ల మొగ్గు చూపాడు. కాల్విన్ దానిని ఖండిస్తూ 1534లో ఒక గ్రంథమే వ్రాశాడు. నేడు సెవెంత్‌డే ఎడ్వెంటిస్టులు ఆత్మనిద్రను బోధిస్తారు. దొంగతో చెప్పిన మాటలో "నేడు" అన్న పదం వాగ్దానానికి కాక, చెబుతున్నాను అన్న క్రియకు చేరుతుందని వారి వాదం. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో విరామచిహ్నాలు దాదాపుగా లేకపోవడం వల్ల ఇటువంటి వాదానికి చోటు దొరికినది. అయితే ఎక్కువమంది అనువాదకులు దానిని అంగీకరించలేదు.

ఈ విషయంలో ఒక పోపు కూడా చిక్కుల్లో పడ్డాడు. అవిన్యోనులో ఉన్న పోపు 22వ జాన్ 1331లో, పరిశుద్ధుల ఆత్మలు తుది తీర్పు వరకు దేవుని ముఖాముఖిగా చూడజాలవని ప్రసంగించాడు. పారిస్ విశ్వవిద్యాలయపు వేదాంతులు దీనిని ఎదిరించారు. 1334 డిసెంబరులో మరణశయ్యపై ఆయన ఆ అభిప్రాయాన్ని విరమించుకొన్నాడు. తరువాతి పోపు 12వ బెనెడిక్ట్ 1336లో, శుద్ధులైన ఆత్మలు మరణానంతరం తీర్పు వరకు ఆగకుండానే దేవుని దర్శిస్తాయని నిర్ణయించి ప్రకటించాడు. నేటి కథోలిక బోధ ఇదే.

ఉత్తరించు స్థలం

దేవుని కృపలోనే మరణించినా పూర్తిగా శుద్ధి కానివారు పరలోకం చేరేముందు శుద్ధి పొందే స్థితిని తెలుగు కథోలికులు ఉత్తరించు స్థలం అంటారు. ఇది నరకంలో ఒక భాగం కాదు. అక్కడ ఉన్నవారందరూ చివరికి పరలోకం చేరతారు. మృతుల కోసం ప్రార్థించడం తొలి శతాబ్దాలనుండి ఉన్నది. అయితే దీనిని ఒక ప్రత్యేక స్థలంగా, నామవాచకంగా పేర్కొనడం 12వ శతాబ్దం చివరలోనే మొదలైనదని ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ ల గోఫ్ 1981లో ప్రచురించిన గ్రంథంలో చూపాడు. 1274లో లియోన్, 1439లో ఫ్లోరెన్స్ మహాసభలు ఈ సిద్ధాంతాన్ని ధ్రువీకరించాయి.

చనిపోయిన తల్లిదండ్రుల బాధను బ్రతికున్న పిల్లలు తగ్గించగలరన్న నమ్మకం ఎంతో ఓదార్పు ఇచ్చేది. అదే నమ్మకం సొమ్ముగా కూడా మారినది. రోములో సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణానికి ధనం కోసం జర్మనీలో పాపపరిహార పత్రాలను విక్రయించారు. మృతుల పేరిట కూడా వాటిని కొనవచ్చునని ప్రచారం జరిగినది. 1517లో విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 ప్రతిపాదనలకు ఇది తక్షణ కారణం. ఆ ప్రతిపాదనల్లో లూథర్ ఉత్తరించు స్థలాన్ని నిరాకరించలేదు, దాని పేరిట జరిగే వ్యాపారాన్ని మాత్రమే ప్రశ్నించాడు. ఆ సిద్ధాంతాన్నే త్రోసిపుచ్చినది తరువాతి సంవత్సరాల్లో. 1563లో ట్రెంట్ మహాసభ సిద్ధాంతాన్ని నిలుపుకొంటూ, లాభాపేక్షకు, మూఢనమ్మకాలకు తావివ్వరాదని బిషప్పులను ఆదేశించినది.

మృతులకొరకు యూదా మక్కబీ అర్పణ పంపిన వృత్తాంతం మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉన్నది. కథోలికులకు ఇది ముఖ్యమైన ఆధారం. 66 గ్రంథాలు గల ప్రొటెస్టంటు తెలుగు బైబిల్లో ఆ గ్రంథం లేదు, 73 గ్రంథాలు గల కథోలిక బైబిల్లో ఉన్నది. ఒకే ఊరిలోని రెండు చర్చిల వారు ఈ విషయంపై వాదించుకొన్నప్పుడు వారి చేతుల్లో ఉన్న పుస్తకాలే వేరన్న సంగతి మరువరాదు.

తూర్పు ఆర్థడాక్సు సంఘాలు మృతులకొరకు ప్రార్థిస్తాయి గాని శుద్ధిచేసే అగ్నిని అంగీకరించవు. ఏడవ శతాబ్దానికి చెందిన నినెవె ఇసాకు నరకంలో ఉన్నవారిని బాధించేది దేవుని ప్రేమయే అని వ్రాశాడు. తాము ప్రేమకు ద్రోహం చేశామన్న ఎరుకే వారి శిక్ష అని ఆయన భావం.

నరకం నిత్యమైనదా

నరకశిక్షకు అంతం లేదన్నది కథోలిక, ఆర్థడాక్సు సంఘాల్లోను, ప్రొటెస్టంటు సంఘాల్లో అత్యధిక భాగంలోను ఉన్న సంప్రదాయ బోధ. దీనికి బలమైన ఆధారం మత్తయి 25:46. అక్కడ శిక్షకు, జీవానికి ఒకే విశేషణం వాడబడినది. జీవం నిత్యమైనదైతే శిక్ష కూడా నిత్యమే కావాలని 5వ శతాబ్దంలో ఆగస్టీను వాదించాడు. ఆ గ్రీకు విశేషణానికి "యుగానికి చెందిన" అని కూడా అర్థం ఉన్నదని ప్రతివాదులు అంటారు.

చివరికి అందరూ రక్షింపబడతారన్న అభిప్రాయం కూడా ప్రాచీనమైనదే. అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ (సుమారు 185-254) సమస్తం దేవునిలో పునరుద్ధరింపబడుతుందని భావించాడు. చక్రవర్తి జస్టీనియన్ 543లో ఓరిజెన్ బోధలను ఖండిస్తూ శాసనం జారీచేశాడు. దాదాపు ఇదే భావాన్ని వ్యక్తం చేసిన నిస్సా గ్రెగరీ మాత్రం పరిశుద్ధుడుగా గౌరవింపబడుతున్నాడు. మన కాలంలో డేవిడ్ బెంట్లీ హార్ట్ 2019లో వెలువరించిన గ్రంథంతో ఈ చర్చ తిరిగి వేడెక్కినది.

మూడవది నాశనవాదం. దుష్టులు అనంతకాలం బాధపడరు, నశించిపోతారు అని దీని సారాంశం. దేవుడు గెహెన్నాలో ఆత్మను, దేహాన్ని కూడా నశింపజేయగలడన్న మత్తయి 10:28 దీనికి ఆధారం. ఎడ్వెంటిస్టుల బోధ ఇది. ఇవాంజెలికల్ నాయకుల్లో ప్రముఖుడైన జాన్ స్టాట్ 1988లో తాను కూడా ఇటువైపు మొగ్గుతున్నానని, అయినా గట్టిగా నిర్ధారించలేనని వ్రాయడంతో ఆయన అభిమానుల్లో కలవరం రేగినది.

కథోలిక సంఘం నరకం ఉన్నదని బోధిస్తూనే, ఫలానా మనిషి అక్కడ ఉన్నాడని ఎన్నడూ అధికారికంగా ప్రకటించలేదు. పరిశుద్ధుల జాబితా ఉన్నది గాని నరకవాసుల జాబితా లేదు. నరకం ఒక స్థలం అనడం కంటె, దేవునినుండి తనంతట తాను వేరుపడినవారి స్థితి అనడం సరియైనదని పోపు 2వ జాన్ పాల్ 1999 జూలైలో చేసిన ప్రసంగంలో వివరించాడు.

క్రీస్తును ఎరుగనివారు

సువార్త వినకుండానే మరణించినవారి సంగతి ఏమిటన్నది ఆసియా దేశాల్లో క్రైస్తవం స్వీకరించిన ప్రతి తరమూ అడిగిన ప్రశ్న. ఫ్రాన్సిస్ జేవియర్ జపానునుండి తిరిగి వచ్చి 1552 జనవరిలో కొచ్చినునుండి వ్రాసిన లేఖలో, నరకంలో ఉన్న తమ పూర్వీకులకు విడుదల లేదని విన్న జపాను క్రైస్తవులు కన్నీరు పెట్టుకొన్నారని, వారిని చూసి తనకూ దుఃఖం కలిగినదని తెలిపాడు. తాతముత్తాతలకు తద్దినాలు పెట్టే సమాజంలో పెరిగినవారికి ఆ కన్నీటి అర్థం వివరించనవసరం లేదు.

జేవియర్ నాటి బోధ తరువాతి కాలంలో చాలా మారినది. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగక, నిష్కపటమైన హృదయంతో దేవుని వెదకుతూ మనస్సాక్షి ప్రకారం జీవించినవారు రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించినది. బాప్తిస్మం పొందకుండా మరణించిన శిశువులకు "లింబో" అనే ప్రత్యేక స్థితి ఉన్నదని మధ్యయుగాల్లో వేదాంతులు ఊహించారు. అది ఎన్నడూ విధిగా నమ్మవలసిన సిద్ధాంతం కాలేదు. 2007లో వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం అటువంటి శిశువుల రక్షణకొరకు ఆశించడానికి తగిన కారణాలున్నవని తన పత్రంలో పేర్కొన్నది. ఇవాంజెలికల్ సంఘాల్లో చాలామంది ఈ జీవితంలోనే క్రీస్తును విశ్వసించడం తప్పనిసరి అంటారు. తీర్పు దేవునిది కనుక మౌనం వహించాలనేవారు కూడా ఆ సంఘాల్లో ఉన్నారు.

పరలోకం, క్రొత్త భూమి

పరలోకంలో దేవుని ప్రత్యక్షంగా దర్శించడమే పరమానందమని కథోలిక వేదాంతం చెబుతుంది. అక్కడ పెండ్లి ఉండదని సువార్తలు తెలుపుతాయి. బైబిలు చివరి అధ్యాయాల్లో మనుషులు పైకి పోవడం కాక, క్రొత్త యెరూషలేము అనే పట్టణమే భూమిమీదికి దిగివస్తుంది. దేవుడు మనుషుల మధ్య నివసిస్తాడు, కన్నీరు, మరణం ఉండవు. పరలోకం చివరి మజిలీ కాదని, పునరుత్థానానికి ముందు విడిది వంటిదని ఇంగ్లండుకు చెందిన పండితుడు ఎన్.టి. రైట్ తన రచనల్లో ప్రచారం చేశాడు.

తెలుగు సంఘాల్లో ఎక్కువగా వినవచ్చే "సంఘము ఎత్తబడుట", ఆ పిమ్మట శ్రమకాలం, వెయ్యేండ్ల పాలన అనే క్రమం 19వ శతాబ్దంలో జె.ఎన్. డార్బీ ప్రచారం చేసిన వ్యాఖ్యాన పద్ధతి. డార్బీ బ్రదరన్ ఉద్యమ నాయకుల్లో ఒకడు. ఆ ఉద్యమానికి చెందిన మిషనరీలు 1836నుండి గోదావరి ప్రాంతంలో పనిచేశారు. కథోలిక, ఆర్థడాక్సు సంఘాలు, లూథరన్ మొదలైన పాత ప్రొటెస్టంటు సంఘాలు ఈ క్రమాన్ని తమ సిద్ధాంతంగా స్వీకరించలేదు.

తెలుగు క్రైస్తవుల ఆచారాలు

ఈ నమ్మకాలు భాషలోనే కనిపిస్తాయి. చనిపోయారనడానికి బదులు "ప్రభువునందు నిద్రించారు" అని సమాధి రాళ్ళమీద, పత్రికా ప్రకటనల్లో వ్రాస్తారు. ప్రొటెస్టంటు కుటుంబాల్లో భూస్థాపన తరువాత జరిపేది ఆదరణ కూడిక. అక్కడ ప్రార్థన బ్రతికున్నవారికొరకే గాని పోయినవారికొరకు కాదు. కథోలికులు మృతుని ఆత్మశాంతికై దివ్యబలిపూజ చేయిస్తారు. ప్రతి సంవత్సరం నవంబరు 2న వచ్చే సమాధుల పండుగనాడు సమాధులను శుభ్రపరచి, పూలు పెట్టి, క్రొవ్వొత్తులు వెలిగిస్తారు. కొన్ని ఊళ్ళలో ప్రొటెస్టంటులు కూడా ఆ రోజున సమాధుల వద్దకు పోతారు. వారి పాస్టర్లు దానిని జ్ఞాపకార్థమని వివరిస్తారు.

శరీరం లేస్తుందన్న నమ్మకం వల్ల క్రైస్తవులు తొలినుండి ఖననాన్నే పాటించారు. దహనం చేసినంత మాత్రాన దేవుడు లేపలేడని ఏ సంఘమూ బోధించదు. కథోలిక సంఘం 1963లో దహనాన్ని అనుమతించినది. 2016లో వెలువడిన సూచనల ప్రకారం చితాభస్మాన్ని గాలిలో గాని, నీటిలో గాని కలుపరాదు, పవిత్రస్థలంలో భద్రపరచాలి. 2023లో వాటికన్ ఇచ్చిన వివరణలో, భస్మంలో కొద్దిపాటి భాగాన్ని మృతునికి ప్రీతికరమైన చోట ఉంచుకొనుటకు షరతులతో అవకాశం కల్పించబడినది.